ఉత్త చేతుల లెక్క

తొమ్మిదో రోజు మొదటి గంటలో నలభై ఒకటి.

అతను పై వరండాలో అద్దం వెనక నిలబడి నలభై ఒకటో గీత గీసి, పెన్సిలు చెవి సందున పెట్టుకున్నాడు. కింద ఏరుడు గది. నాలుగు ఆస్పత్రుల మాసిన దుప్పట్లూ తువ్వాళ్ళూ సంచుల్లోంచి బెల్టు మీద పడుతుంటాయి. పదకొండుమంది ఆడవాళ్ళు బెల్టుకు అటూ ఇటూ నిలబడి ఒక్కొక్కటే విదిలించి, వాటిలో ఉండకూడనివి ఏరి పళ్ళెంలో వేస్తారు. సూదులు, కత్తెరలు, కళ్ళజోళ్ళు. ఒకసారి ఎవరివో కట్టుడు పళ్ళు కూడా వచ్చాయి. ఏరగా మిగిలిన బట్టలు గది చివర నోరు తెరుచుకుని తిరిగే డ్రమ్ముల్లోకి పోతాయి. ఏరే చేతులకి దళసరి నల్ల గ్లౌజులు ఉండాలని నియమం. అయినా ఆ పదకొండుమందిలో ఎవరో ఒకరు, ఉన్నట్టుండి, కుడి చేతి గ్లౌజు లాగేసి, కాసేపటికి మళ్ళీ తొడుక్కుంటారు. లాగేసిన ప్రతిసారికీ అతని పుస్తకంలో ఒక గీత.

ఆ గీతల కోసమే అతన్ని పెట్టుకున్నారు. మనసు గురించి చదువుకున్నవాడు. చదివింది నిజంగా జరగడం కళ్ళారా చూడాలని ముప్పై రెండేళ్ళ వయసులోనూ చిన్నపిల్లాడి ఉబలాటం. ఇంటర్వ్యూలో మేనేజరు, రెండేళ్ళుగా గడ్డం పట్టుకుని బతిమాలినా వీళ్ళు గ్లౌజులు ఉంచుకోవడం లేదని విసుక్కుంటే, ఇతను కుర్చీ అంచుకి జరిగి, అలవాటు ఎక్కడ పుడుతుందో, దాన్ని ఏ చెవి పట్టుకుని మెలిపెడితే లొంగుతుందో అరగంట చెప్పాడు. చివర్న ఆ ఊపులోనే, ఇరవై ఒక్క రోజులిస్తే ఉత్త చేతులు సున్నా చేసి చూపిస్తానన్నాడు. ఇరవై ఒకటే ఎందుకో అతనికే తెలీదు. ఎక్కడో చదివాడు, నోటికొచ్చింది, అనేశాడు. మేనేజరు మారు మాట్లాడకుండా క్యాలెండరులో ఒక తేదీ చుట్టూ గీత గీశాడు.

మొదటి రోజు నుంచీ అతనికి కాళ్ళు నేల మీద ఆనలేదు. గోడలకి రంగుల బొమ్మలు అంటించాడు. అరగంటకోసారి బెల్లు కొట్టించాడు. గ్లౌజులు బిగుతేమోనని మూడు సైజులు తెప్పించాడు. ఆడవాళ్ళు అన్నిటికీ తలూపారు. నోరారా "సరే సారూ" అన్నారు. రెండో రోజుకల్లా అతనికి సున్నా సారు అని పేరు పెట్టారు. అరవై మూడు దగ్గర మొదలైన లెక్క ముప్పై ఎనిమిదికి దిగింది. అతను ఆనందం పట్టలేక, ఒకరి గ్లౌజు ఒకరు కనిపెట్టుకుంటూ గుర్తుచేసుకోవాలని జంటలు కట్టించాడు. మర్నాడు యాభై ఏడు. ఒకరికొకరు గుర్తుచేసుకున్న కొద్దీ గ్లౌజులు ఎక్కువసార్లు ఎందుకు ఊడతాయో అతనికి అంతుపట్టలేదు. జంటలు విడగొట్టాక నలభై ఒకటి.

అన్నిటికంటే అతన్ని తొలిచేసింది రేడియో. అది ఆమెకి తోటివాళ్ళు పెట్టిన పేరు. సన్నటి మనిషి, మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఆమె మాట్లాడుతుంటే మిగతావాళ్ళు తినడమే. రెండు నెలల కిందట ఒక దుప్పటి మడతలోని సూది ఆమె ఉత్త చూపుడు వేల్లో దిగింది. అప్పటినుంచి నెలనెలా రక్తం పరీక్ష. చివరి ఫలితం వచ్చేదాకా పిల్లల కంచంలో చెయ్యి పెట్టనని, అన్నం కూడా చెంచాతోనే కలుపుతోంది. అంత భయం ఉన్న మనిషి. లెక్క తీస్తే, అందరికంటే ఎక్కువ గీతలు ఆమెవే.

పదో రోజు మధ్యాహ్నం ఏరుడు గదిలో ఇద్దరు కొత్తవాళ్ళు టేపు పట్టుకుని గోడలు కొలుస్తూ కనబడ్డారు. అతను మేనేజరు గదికి పరుగెత్తాడు. మేనేజరు తాపీగా చెప్పాడు. ఇరవై ఒకటో రోజు పది గంటలకి తనే వచ్చి పావుగంట నిలబడతాడు. ఒక్క ఉత్త చెయ్యి కనబడినా ఏరుడు పని బయటి కంపెనీ యంత్రాలకి ఇచ్చేస్తారు. పదకొండుమందీ ఇంటికి.

"ఈ గడువు నేను పెట్టింది కాదు బాబూ," అన్నాడు మేనేజరు. "నువ్వు పెట్టిందే."

అతను మెట్లు దిగాడు. తను ఊపులో అన్న అంకె పదకొండు ఇళ్ళ పొయ్యిల మీద కూర్చుంది. భోజనాల బల్ల దగ్గర నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఎవరూ తిట్టలేదు, తిడితే బాగుండుననిపించింది. రేడియో తన చూపుడు వేలు చూసుకుంటూ కూర్చుంది. అందరిలోకీ పాత మనిషి, ఇరవై ఆరేళ్ళుగా బెల్టు మొదట్లో నిలబడుతున్న పెద్దక్క, గిన్నె మూత పెట్టి అంది:

"మేం కావాలని తీస్తున్నామనుకుంటున్నారా సారూ? పొద్దున్నే ఒట్టేసుకుని వస్తాం. చూసుకునేసరికి చేతికి ఉండదు. అది ఎప్పుడు పోయిందో మాకే తెలీదు."

మర్నాడు వాళ్ళంతట వాళ్ళే గ్లౌజుల్ని మణికట్టు దగ్గర తాళ్ళతో కట్టుకొచ్చారు. అతను పైనుంచి చూస్తున్నాడు. ఇరవై నిమిషాలు బాగానే గడిచింది. ఆ తర్వాత రేడియో మణికట్టు నోటి దగ్గరికి తీసుకెళ్ళి, ముడిని పళ్ళతో తెంపేసింది. ఏం చేసిందో తెలిసిన మొహం కాదు ఆమెది. దురద పెడితే గోక్కునే మనిషి మొహం.

ఆ సాయంత్రం ఇంట్లో నాన్న టీవీ చూస్తున్నాడు. నాన్న ముప్పై ఏళ్ళు బస్సు నడిపి, పదకొండేళ్ళ కిందట మానేశాడు. తెర మీద ఒక కారు మలుపు తిరిగి లారీకి ఎదురెళుతోంది. అతను తెర చూడలేదు. నాన్న కుడి కాలు చూశాడు. పాదం లేచి, నేలని గట్టిగా తొక్కి, కారు తప్పించుకున్నాక నెమ్మదిగా వదిలింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చూస్తున్న సంగతే. ఆ పూట మాత్రం అతను ఆ పాదం మీంచి కళ్ళు తిప్పుకోలేకపోయాడు.

ఇంకా ఎందుకు తొక్కుతున్నావని అడిగాడు. నాన్న కాలివంక చూసుకుని నవ్వాడు.

"నాకు వచ్చింది గానీ, దానికి రిటైర్మెంటు ఆర్డరు రాలేదు రా."

అతను వదల్లేదు. నడిచేటప్పుడు కాలు అలా లేస్తుందా? లేదు. సైకిలు మీద? లేదు. మరెప్పుడు? నాన్న టీవీ మీంచి చూపు తిప్పాడు. ఎవరూ అడగని ప్రశ్న అడిగినందుకు మొహం వెలిగింది.

"ఒక్కణ్ణే ఉంటే తొక్కబుద్ధి కాదు. బండిలో ఇంకెవరన్నా ఉన్నారనిపిస్తేనే. వెనకాల యాభైమంది కూర్చునేవాళ్ళు కదా. ఈ కాలు నాది కాదురా, వాళ్ళది."

అతను సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. పదకొండు రోజులుగా అతను చేతులు లెక్కపెట్టాడు. చేతులు మాత్రమే. గ్లౌజు తీసిన మనిషి ఆ క్షణంలో ఎవరివంక చూస్తోందో ఒక్కసారి కూడా చూడలేదు.

పన్నెండో రోజు గీతలు గీయలేదు. కళ్ళు రేడియో మీద పెట్టి కూర్చున్నాడు. ఆమె దుప్పటి విదిలించింది. ఆగింది. తలెత్తి ఎదురు వరసలోకి చూసింది. గ్లౌజు ఊడింది. కుడిదే. ఎడమది ఎప్పుడూ కాదు. చెయ్యి గుండెల ఎత్తున లేచింది, వేళ్ళు చకచకా ఏదో చేశాయి, ఎదుటి మనిషి తలాడించింది, గ్లౌజు తిరిగి తొడుక్కుంది. ఇంకోసారి. తలెత్తడం, వేళ్ళు, ఎదుట తలాడింపు. అటునుంచి పెద్దక్క. తలెత్తడం, వేళ్ళు. అతను అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. కింద అంత మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. వాళ్ళు పదకొండుమందీ పొద్దుటినుంచి సాయంత్రం దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

భోజనాల గంట దాకా ఉగ్గబట్టుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగి, పెద్దక్క ముందు ఆయాసపడుతూ నిలబడ్డాడు. వేళ్ళతో మాట్లాడుకుంటున్నారు కదూ అన్నాడు. ఆమె అతన్ని వింతగా చూసింది.

"మరేం చేస్తున్నామనుకున్నారు ఇన్నాళ్ళూ?"

మరి చెప్పలేదేమని అడిగాడు. అడిగితే కదా, అంది. ఆ తర్వాత ఆమె మొహం కూడా మారింది. గ్లౌజు ఊడటం ఆమెకి తెలుసు, మాట్లాడుకోవడం తెలుసు. ఆ రెండూ ఒకటేనని పెద్దక్కకి కూడా అప్పుడే తట్టింది. నోరు తెరిచి మాట్లాడేవాళ్ళు నోరు తెరుస్తున్నామని అనుకుంటారా?

అప్పుడిక బల్ల చుట్టూ పాఠం మొదలైంది. చూపుడు వేలు కొక్కెంలా వంచితే సూది. బొటనవేలికి చిటికెనవేలు కలిపితే నెత్తురు తడి. అరచెయ్యి నిలబెడితే బెల్టు ఆపమని, డ్రమ్ముల దగ్గర మీట చూసుకునే బావకి. అతను పెద్దక్క చెల్లెలి మొగుడు. ఆమెకి మరిది వరసైనా మిగతావాళ్ళందరికీ బావే. అయిదు వేళ్ళూ గాల్లో ఆడిస్తే మేనేజరు వస్తున్నాడని. రేడియో బొటనవేలూ చూపుడు వేలూ కలిపి గుండ్రంగా చుట్టి పైకెత్తింది. బల్ల చుట్టూ కిసకిసలు. అదేంటని అడిగాడు.

"అది మీరు సారూ," అంది రేడియో.

జంటలు కట్టించిన రోజు సంగతి కూడా తేలింది. పక్కామె గ్లౌజు తీసిందని గుర్తుచేయాలంటే వేలు చూపించి బెదిరించాలి. ఆ వేలు చూపించడానికి తమ గ్లౌజు తీసేవాళ్ళు. అతను నెత్తి కొట్టుకుని నవ్వాడు, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. దళసరి నల్ల గ్లౌజులో అయిదు వేళ్ళూ ఒకే ముద్ద. రెండేళ్ళుగా వీళ్ళ నోట్లో గుడ్డలు కుక్కి, ఎందుకు పీకేస్తున్నారని నిలదీస్తున్నారు. చేతికి ఏమీ అలవాటు కాలేదు. ఒకరికొకరు అలవాటయ్యారు.

ఇక దారి అద్దంలా కనబడింది అతనికి. వేళ్ళు లేని భాష కావాలి, అంతే. ఆ సాయంత్రమే కూర్చుని, మోచేతులతో, భుజాలతో చేసే ముప్పై రెండు సైగలు కల్పించి, పెద్ద అట్ట మీద బొమ్మలు వేసి తెచ్చాడు. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడితే ఆపమని. మోచెయ్యి పక్కకి పొడిస్తే సూది. వాళ్ళు ఒక్క పూటలో అన్నీ నేర్చుకున్నారు. బెల్టు దగ్గర చేస్తుంటే బళ్ళో డ్రిల్లు చేస్తున్నట్టుంది. లెక్క ముప్పై మూడు. మర్నాడు ముప్పై అయిదు.

పదిహేనో రోజు పెద్దక్క అట్ట ముందు నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని అడిగింది. "సారూ, మీ భాషలో మా తోడికోడలు మూతి తిప్పుకుంది అని ఎలా చెప్పాలి?"

అతను అట్ట వంక చూశాడు. లేదు.

"పొద్దస్తమానం మేం సూదుల గురించే మాట్లాడుకుంటామనుకున్నారా?"

ఆమె అట్ట దించి గోడవైపు తిప్పి పెట్టింది. ఆ "ఆపు" ఒక్కటి బాగుంది, ఉంచుకుంటాం, మిగతాది మాకొదిలేసి మీరు పైకి పొండి అంది. పో అంటే పోవడం అతని వల్ల అయ్యే పని కాదు. తను చెప్పిందే వేదమన్నట్టు చెప్పడం, పైనుంచి గీతలు గీయడం, ఈ రెంటికీ అతని ఒళ్ళు అలవాటుపడింది. అయినా పెదవి కొరుక్కుంటూ మెట్లెక్కాడు.

పదహారో రోజు పొద్దున రేడియో కథ మొదలుపెట్టింది. పైనుంచి అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె ఎడమ భుజం ఎగరేసి, మెడ వాల్చి, నడుము విరిచి, రెండు మోచేతులూ డొక్కల్లో పెట్టి ఎవర్నో దించేసింది. ఎదురు వరసలో ఒకామె గడ్డంతో ఏదో అడిగింది. రేడియో తుంటితో జవాబు చెప్పింది. పెద్దక్క బెల్టు అంచు పట్టుకుని కిందికి వంగిపోయింది, నవ్వలేక. కథ గంటసేపు సాగింది. ఎవరి గ్లౌజూ ఎవరికీ గుర్తులేదు. ఆ గంటలో తొమ్మిది. తోడికోడలు మూతి తిప్పుకోవడం చెప్పడం కుదిరాక, దాని వెనకే సూదీ వచ్చింది, నెత్తురూ వచ్చింది, మేనేజరూ వచ్చాడు. పదిహేడో రోజు నాలుగు. పద్దెనిమిది, రెండు. ఇరవయ్యో రోజు పొద్దున సున్నా. సాయంత్రం ఒకే ఒకటి. ఆ ఒక్కటి గీస్తుంటే పెన్సిలు మొన విరిగింది.

ఈలోగా అతనికి ఆ పాత వేళ్ళ భాష మీద మోజు పుట్టింది. వాళ్ళు వదిలేస్తున్న కొద్దీ అతను నేర్చుకున్నాడు. బస్సులో ఒళ్ళో చెయ్యి పెట్టుకుని సూది, తడి, ఆపు అని చేసుకునేవాడు. అద్దం ముందు చేస్తుంటే నాన్న గుమ్మంలో నిలబడి, ఎవరితో రా మాట్లాడుతున్నావ్ అని అడిగాడు.

ఇరవై ఒకటో రోజు సరిగ్గా పది గంటలకి మేనేజరు వచ్చాడు. ఒక చేతిలో అట్టకి పెట్టిన కాగితం, ఇంకో చేతిలో పెన్ను. పైనుంచి కాదు, కిందే నిలబడదామన్నాడు. ఇద్దరూ డ్రమ్ముల పక్కన, బావకి మూరెడు దూరంలో నిలబడ్డారు. అతను అంత దగ్గరగా ఆ గదిని ఎప్పుడూ చూడలేదు. ఆవిరి, మోత, పదకొండు జతల నల్ల గ్లౌజులు. వాళ్ళ భుజాలు మాత్రం మామూలుగా కబుర్లాడుకుంటున్నాయి. అయిదు నిమిషాలు. ఎనిమిది. అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది. పదకొండు. పన్నెండు.

పన్నెండో నిమిషంలో రేడియో మొహం మారింది. ఆమె ముందునుంచి దాటిపోయిన దుప్పటి మూటలో తళుక్కుమని ఒక ఇనుప మొన. మూట డ్రమ్ము వైపు జారిపోతోంది. రేడియో ఎడమ చెయ్యి ఎగిరి కుడి మణికట్టు మీదికి వెళ్ళింది. గ్లౌజు అంచు పట్టుకుంది.  ఆమె వేళ్ళు అక్కడే ఒక్క క్షణం ఆగి, వదిలేశాయి. రెండు చేతులూ తల మీదికి లేచి అడ్డంగా పడ్డాయి. ఆపు. పెద్దక్క చేతులూ లేచాయి. పదకొండు జతలూ లేచాయి.

బావ చూడలేదు. కిందికి వంగి డ్రమ్ము తలుపు గడియ సరిచేస్తున్నాడు. మూట ఇంకో బారెడు దూరంలో ఉంది.

ఏం చేశాడో అతనికి తర్వాత చూసుకుంటే గానీ తెలియలేదు. బావ మొహం ముందు ఒక అరచెయ్యి నిలబడి ఉంది. ఉత్త చెయ్యి. అయిదు వేళ్ళూ విడివిడిగా, తెల్లటి ఆవిరిలో స్పష్టంగా. బావ ఆ సైగ ఇరవై ఏళ్ళుగా ఎరిగినవాడు. ఆలోచించకుండానే ఎర్ర మీట లాగేశాడు. బెల్టు ఆగింది, డ్రమ్ములు ఒక్కొక్కటే మూలిగి ఆగాయి. గదిలో నిశ్శబ్దం. మూటలోంచి బావ పటకారుతో పొడుగాటి కత్తెర లాగాడు.

"ఒకటి," అన్నాడు మేనేజరు. కాగితం మీద అదే వేశాడు.

అతను తన చెయ్యి వంక చూసుకున్నాడు. ఇరవై ఒక్క రోజుల్లో ఆ గదిలో ఒక్కసారి కూడా గ్లౌజు తొడుక్కోని చెయ్యి అది.  ఏదో చెప్పబోయాడు. ఈలోగా బెల్టు మొదటి నుంచి పెద్దక్క నడుచుకుంటూ వచ్చింది. ఆ గదిలో మనిషి గొంతు వినబడటం ఎంత వింతగా ఉందంటే అందరూ ఆమె పెదవులవంకే చూశారు.

"ఆ చెయ్యి మా వరసలోది కాదు సారూ. ఊరికే నిలబడి చూసే చేతుల్ని కూడా లెక్కేస్తానంటే వెయ్యండి. అప్పుడు మీవి రెండూ కలుపుకోవాలి. మూడవుతుంది."

మేనేజరు తన చేతులు చూసుకున్నాడు. ఒకదాంట్లో అట్ట, ఒకదాంట్లో పెన్ను. రెండూ ఉత్తవే.  పట్టుబడ్డాననో, లెక్క తప్పిందనో, ఆ మొహంలో ఏముందో అతను పోల్చుకోలేకపోయాడు. చివరికి మేనేజరు ఒకటి కొట్టేసి, పక్కన సున్నా చుట్టి, సంతకం పెట్టాడు. టేపు పట్టుకుని వచ్చినవాళ్ళకి ఫోను చేసి చెబుతానన్నాడు. గుమ్మం దాటేటప్పుడు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

గది ఒక్కసారి హోరెత్తింది. బావ మీట వెయ్యనే లేదు, అది మనుషుల హోరు. రేడియో ఒక భుజం, పెద్దక్క ఒక భుజం పట్టుకుని అతన్ని బెల్టు దగ్గరికి తోసుకెళ్ళారు. పెద్దక్క పెట్టెలోంచి కొత్త జత తీసి అతని గుండెలకేసి కొట్టింది.

"ఇంక మీకు ఇరవై ఒక్క రోజులు సారూ."

అతను తొడుక్కున్నాడు. బెల్టు కదిలింది. చేతులు ఒక్కసారిగా చెవుడొచ్చినట్టు మొద్దుబారాయి. అయినా ఉత్సాహంగా మొదటి దుప్పటి విదిలించాడు. నవ్వుతూ తలెత్తి, ఎదుట ఉన్న రేడియోకి ఏదో చెప్పాలనిపించి, చూసుకునేసరికి కుడి గ్లౌజు ఎడమ చేతిలో ఉంది. ఆమె గడ్డం ఎత్తి ఒకటి అంది. అతను సిగ్గుపడి తొడుక్కున్నాడు. ముక్కు దగ్గర చెమట తుడుచుకోబోతే రెండు. భోజనాల వేళలోపల నాలుగు. ఏ ఒక్కసారీ తీయాలనుకోలేదు. తీశాక తెలిసింది. ఇదేనా, ఇదేనా వీళ్ళకి రెండేళ్ళుగా జరుగుతున్నది? అతనికి లోపల గంతులేసినట్టుంది. ఈ సంగతి పోకముందే, ఉన్నదున్నట్టు, ఇప్పుడే రాసుకోవాలి. చెవి సందులోని పెన్సిలు అందుకున్నాడు. దళసరి వేళ్ళ మధ్య అది నిలవలేదు, జారి దుప్పట్లలో పడింది. వెతికి తీసి రెండోసారి ప్రయత్నించాడు.

బెల్టుకు అటూ ఇటూ పదకొండుమందీ పని ఆపి చూస్తున్నారు.

గ్లౌజు తీస్తే గానీ రాయలేడు. తీస్తే అది అయిదోసారి.